మూత్రనాళిక చరిత్రము

పదుగురిలో పలుకుటకు సంకోచించు విషయమును నేడు ప్రస్తావించుచున్నాను. మూత్రమునకు అడ్డుపడినపుడు గొట్టమును వాడుట మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో నాడీయంత్రములు చెప్పబడినవి. చర్మము బిగిసి మూత్రమును నిరోధించు నిరుద్ధప్రకశమను వ్యాధికి, ఇనుముతోగాని కొయ్యతోగాని లక్కతోగాని చేసి, రెండు కొనలును తెరచిన గొట్టమును నేతితో తడిపి ప్రవేశపెట్టవలెననియు, మూడేసి దినములకు మరింత లావైనదానిని వాడవలెననియు అందు కలదు.

1752లో అమెరికాదేశమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ రోగపీడితుడైన తన యన్నకొరకు వంగెడు వెండిగొట్టమును చేయించెను. 1930వ దశకమున ఫ్రెడరిక్ ఫోలీ కొనయందు బుడగ గల రబ్బరుగొట్టమును ప్రచారమునకు తెచ్చెను. బుడగలో నీరు నింపగా గొట్టము జారక మూత్రాశయమున నిలుచును. ఈ సౌలభ్యముతోనే చిక్కును వచ్చినది. గొట్టము దినములకొలది దేహమున నుండసాగెను. మూత్రము తెరచిన సీసాలోనికి కారిన కాలమున నాలుగు దినములలోనే దాదాపు ప్రతి రోగికిని సూక్ష్మజీవులు సోకెడివి. 1960వ దశకమునుండి గొట్టమును సంచిని కలిపి మూసియుంచు పద్ధతి వ్యాపింపగా ముప్పు తగ్గినది, తొలగలేదు.

మన గుంటూరున 1898లో డాక్టరు అన్నా కుగ్లరు స్త్రీలకు ఆసుపత్రి తెరచెను. 1946లో వైద్యకళాశాల వెలసెను. వైద్యులకు కొదువ తగ్గినది. కాని వైద్యుడు గొట్టము పెట్టి వెడలును. రాత్రింబగళ్లు దానిని కాచునది పరిచారిక చేయి.

మా పెద్దన్నగారు ఒక వృద్ధాశ్రమమున నుండిరి. ఒకనాడు చుట్టములు రాగా, మంచము ప్రక్కన వ్రేలాడు సంచి వారి కంటబడునని సిగ్గుపడి, నేనే దానిని మంచముపైకి ఎత్తి ఉత్తరీయము కప్పితిని. సంచి మూత్రాశయముకంటె ఎత్తుననుండిన మూత్రము వెనుకకు మరలునని యెరుగను. మరునాడు ఆయనకు చలిజ్వరము వచ్చెను. అదియే కారణమని వైద్యులు నిశ్చయింపలేదు. నా మనస్సు నిశ్చయించుకొన్నది.

ఆయన కోలుకొనిరి. అచటి పరిచారిక నాకు గురువైనది. సంచి మూత్రాశయమునకు దిగువనుండవలెను, నేలను తాకరాదు. గొట్టము మడతపడరాదు, ఊరక ఊడదీయరాదు. ముట్టుటకు ముందును పిదపను సబ్బుతో చేతులు కడుగవలెను. ఆమె పూర్వము మిరపకాయల తొడిమలు తీసిన మనిషి. “ఆ చేత్తో కన్ను ముట్టుకొంటామా పంతులుగారూ? ఇదీ అంతే” అన్నది.

మిరప మంటపెట్టి హెచ్చరించును, సూక్ష్మజీవి హెచ్చరింపదు. గొట్టమున్న ప్రతిదినమును ముప్పు పెరుగును. కావున మీ పెద్దలను చూడబోవునపుడు, “ఇది ఇంకను అవసరమా?” అని సిగ్గుపడక వైద్యుని అడుగుడు. సిగ్గు నాకు నేర్పిన పాఠమిది.