శయన బుద్ధుడు, స్తూపం: మహాపరినిర్వాణాన్ని చూపిన రెండు పద్ధతులు

ఈ భాగం చదివిన తరువాత మహాపరినిర్వాణాన్ని బౌద్ధ శిల్పులు ఏయే రూపాల్లో చూపారో మీరు వివరించగలుగుతారు.

బుద్ధుడు కుడివైపు ఒరిగి, తల కింద కుడిచేయి ఉంచుకొని పడుకొన్న శిల్పాన్ని మీరు ఫొటోల్లోనైనా చూసి ఉంటారు. ఈ భంగిమను సింహశయ్య అంటారు. చాలా శిల్పాల్లో ఇది నిద్ర కాదు. సంప్రదాయం ప్రకారం బుద్ధుడు 80వ ఏట కుశీనగరం వద్ద రెండు సాల వృక్షాల మధ్య దేహాన్ని విడిచాడు. ఆ ఘట్టమే మహాపరినిర్వాణం.

అజంతా 26వ గుహలోని 5వ శతాబ్దపు శయన బుద్ధుని పొడవు సుమారు 7 మీటర్లు. కింది వరుసలో శిష్యులు దుఃఖిస్తుంటారు. బుద్ధుని ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. పుట్టినదంతా నశిస్తుందన్న బోధను శిల్పి ఈ తేడా ద్వారా చెప్పాడు. శ్రీలంకలోని పొలొన్నరువలో 12వ శతాబ్దపు శయన మూర్తి దాదాపు 14 మీటర్లు ఉంటుంది.

మరి అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో ఇదే ఘట్టాన్ని ఎలా గుర్తించాలి? అక్కడ సాధారణంగా శయన మూర్తి కనిపించదు. జ్ఞానోదయానికి బోధివృక్షం, తొలి ఉపదేశానికి ధర్మచక్రం గుర్తులైనట్లే మహాపరినిర్వాణానికి స్తూపం గుర్తు. స్తూపాల నాలుగు దిక్కులా నిలిపిన అయిదేసి ఆయక స్తంభాలు కూడా బుద్ధుని జీవితంలోని అయిదు ఘట్టాలకు సంకేతాలని, వాటిలో చివరిది మహాపరినిర్వాణమని పండితులు వివరిస్తారు. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, నాగార్జునకొండ శిల్పులు బుద్ధుణ్ణి మానవ రూపంలో చెక్కడం ఎరిగినవారే. అయినా ఈ ఘట్టానికి స్తూపాన్నే ఎంచుకొన్నారు. ధాతువులను నిక్షిప్తం చేసే కట్టడమే బుద్ధుని నిర్వాణాన్ని గుర్తుచేస్తుందని వారు భావించి ఉండాలి.

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల విద్యార్థులకు ఇందులో ఒక పాఠం ఉంది. మొయినాబాద్ దగ్గరి ఉస్మాన్‌సాగర్ మూసీ నదిపై కట్టినది. అదే నదికి దిగువన, హైదరాబాదులోని చైతన్యపురి వద్ద, ఒక బండపై బ్రాహ్మీ లిపిలో చెక్కిన ప్రాకృత శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. అక్కడ బౌద్ధాన్ని మనకు తెలిపింది విగ్రహం కాదు, రాతిపై అక్షరాలు. విగ్రహం కోసమే వెతికేవారు ఇటుకల దిబ్బను, శాసనాన్ని దాటి వెళ్ళిపోతారు. అవి ఒకసారి చెదిరిపోతే ఆ చరిత్ర తిరిగి రాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: బుద్ధుణ్ణి మానవ రూపంలో చెక్కిన తరువాత కూడా నాగార్జునకొండ శిల్పులు మహాపరినిర్వాణాన్ని స్తూపంతో ఎందుకు సూచించారు?