అదియేనా, అటువంటిదా?

ఒకే అచ్చున పోసిన రెండు కంచు గంటలు సర్వవిధముల సమానములే. అయినను ఒకటి పగిలినచో రెండవది పగులదు. ఒకే గంటకు రెండు పేర్లు పెట్టినచో మాత్రము, ఏ పేరున పిలిచి పగులగొట్టినను రెండు పేర్లకును మిగులునది ఆ పగిలిన గంటయే. మొదటిది సాదృశ్యము, రెండవది తాదాత్మ్యము. న్యాయశాస్త్రము చదివినవారికి ఈ భేదము నూతనము కాదు. దీనిని కంప్యూటరునకు తెలుపుట ఎట్లు అను ప్రశ్న మాత్రము గత శతాబ్ది ఉత్తరార్ధమున పుట్టినది.

1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషను వివరించిన వ్యాసమున ‘ఈక్యూ’ అను పరీక్ష కలదు. అది అవిభాజ్య సంకేతములకే విధింపబడినది. అవయవములు గల జాబితాలను పోల్చుటకు, ప్రతి అవయవమును విచారించు ‘ఈక్వల్’ వేరుగా నిర్వచింపబడినది.

1965లో టోనీ హోర్ ‘రిఫరెన్స్’ను, అనగా వస్తువును చూపు నిర్దేశమును, ప్రతిపాదించెను. దేనినీ చూపని ‘నల్’ను చేర్చినవాడును ఆయనయే, 2009లో లండన్ నగరమున దానిని తన శతకోటి డాలర్ల తప్పిదమని ఒప్పుకొనెను. అది వేరొక కథ.

హోర్ భావమును గ్రహించిన ఓస్లో విద్వాంసులు ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నిగార్డ్‌లు సిమ్యులా 67 భాషయందు అసాధారణమైన జాగరూకత చూపిరి. విలువనిచ్చుటకు ‘:=’, వస్తువును చూపుటకు ‘:-’. విలువలు సమానములా అని అడుగుటకు ‘=’, రెండును ఒకే వస్తువా అని అడుగుటకు ‘==’. చిహ్నమును చూచినంతనే వ్రాసినవాని ఉద్దేశము చదువరికి తెలియును. ఇంతటి వివేకము తరువాతి భాషలలో అరుదు.

1996లో వెలువడిన జావా, వస్తుభావనలో సిమ్యులా వంశముదే. చిహ్నములను మాత్రము సీ భాష నుండి గైకొన్నది. అందు ‘=’ ఒక్కటియే రెండు పనులును చేయును. ‘==’ సాధారణ సంఖ్యలయందు విలువను, వస్తువులయందు తాదాత్మ్యమును పరీక్షించును; వస్తువుల సమానత్వమునకు ‘ఈక్వల్స్’ అని వేరుగా పిలువవలెను.

2004లో సంఖ్యను భాష తానే వస్తువుగా చుట్టు సౌకర్యము ఏర్పడినది. -128 మొదలు 127 వరకు గల పూర్ణసంఖ్యలకు ప్రతిమారును ఒకే వస్తువును ఇయ్యవలెనని నియమము. అందుచే 127ను రెండుమార్లు చుట్టి ‘==’తో పోల్చిన ‘అవును’ అనును; 128 అయినచో సాధారణముగా ‘కాదు’ అనును! చిన్న మొత్తములతో పరీక్షింపబడి నిర్దోషమనిపించుకొన్న లెక్కల ప్రోగ్రాము, అసలైన వ్యవహారమున 5000 రూపాయల జమను 5000 రూపాయల రసీదుతో పోల్చి భిన్నములని పలుకవచ్చును. భాషానియమము దృష్ట్యా అది దోషమే కాదు గనుక, కంపైలరు దానిని అడ్డుకొనదు.