నాగమ్మ విలనా, ప్రత్యర్థా? మీ స్కూల్ కామిక్‌కి ఒక పల్నాటి పాఠం

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలైంది. పల్నాడు వైపు నుంచి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి పంపింది. పేరు చెప్పను. "అన్నా, మా స్కూల్ మ్యాగజైన్‌కి కామిక్ గీస్తున్నాం. హీరో బాగా కుదిరాడు. హీరోకి పోటీగా ఉండేవాడే కుదరట్లేదు. ఎట్టా గీసినా విలన్ అయిపోతున్నాడు" అని.

పేజీల ఫొటోలు కూడా పెట్టింది. చూశాను. హీరో కబడ్డీ టీం కెప్టెన్. పోటీవాడు పక్క సెక్షన్ కెప్టెన్. వంకర నవ్వు, ఎర్ర కళ్ళు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కుట్ర. సరే, ఇది మామూలే. కానీ ఆ మొహం క్లాసులో ఒక అబ్బాయి మొహంలాగే ఉందంట. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నదీ, హీరోకి మోడల్‌గా తీసుకున్న అబ్బాయి వాళ్ళ నాన్నదీ ఊళ్ళో రెండు వేరు వర్గాలు. పేజీలు చూసిన రోజు నుంచి ఆ అబ్బాయి వీళ్ళతో కూర్చుని అన్నం తినడం మానేశాడు.

చూశారా, గీసింది బొమ్మే. తగిలింది మాత్రం ఊరికి.

నేను తిరిగి ఒకటే రాశాను. "అమ్మా, నువ్వు ఉండేది పల్నాడు. తెలుగులో అందరికంటే గట్టి ప్రత్యర్థి పాత్ర మీ ఊళ్ళోనే పుట్టింది. ఒకసారి ఆమె దగ్గరికి వెళ్దాం రా." ఆమె ఎవరో మీకు తెలుసు. నాయకురాలు నాగమ్మ.

ముందు కథ గబగబా చెప్పేస్తా. పన్నెండో శతాబ్దం చివరి రోజులు, అంటే 1180 అటూ ఇటూ. పల్నాడుని హైహయ వంశానికి చెందిన అనుగురాజు ఏలాడు. ఆయనకి ముగ్గురు భార్యలు. ఒక భార్య మైలమాదేవి వెలనాటి చోళుల ఆడపడుచు, ఆమె కొడుకు నలగామరాజు. మరో భార్య కొడుకు మలిదేవరాజు. అనుగురాజు పోయాక నలగాముడు గురజాలలో కూర్చున్నాడు. మంత్రి బ్రహ్మనాయుడు. కొన్నాళ్ళకి రాజ్యం రెండయింది. మలిదేవుడికి మాచర్ల వచ్చింది, బ్రహ్మనాయుడు అతని వైపు వెళ్ళాడు. ఇక్కడ గురజాలలో నలగాముడి పక్కన నాగమ్మ నిలబడింది. ఇప్పుడు బస్సెక్కితే గంట దూరంలో ఉండే రెండు ఊళ్ళు, అప్పుడు రెండు రాజధానులు.

బ్రహ్మనాయుడంటే మనకి బాగా తెలుసు. వైష్ణవుడు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు, అదే చాపకూడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట! హీరో అవడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరి నాగమ్మ ఎవరు? కథల ప్రకారం గురజాల దగ్గర జిట్టగామాలపాడులో ఉండేది. రెడ్ల ఇంటి ఆడపిల్ల, చిన్న వయసులోనే భర్త పోయాడు. శివభక్తురాలు. వేటకొచ్చి అలసిపోయిన రాజు పరివారానికి ఆతిథ్యం ఇచ్చింది. ఏం కావాలో కోరుకోమంటే నగలు అడగలేదు, పొలం అడగలేదు. మంత్రి అధికారం అడిగింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనం గొప్పగా చెప్పుకునే రుద్రమదేవి సింహాసనం ఎక్కింది 1262 ప్రాంతంలో. నాగమ్మ కథ అంతకు ఎనభై ఏళ్ళ ముందుది. రాజవంశం లేదు, భర్త లేడు, వెనక సైన్యం లేదు. ఉన్నది బుర్ర. దాంతోనే ఒక రాజ్యాన్ని నడిపింది. మగవాళ్ళకి కూడా అంత తేలిగ్గా దొరకని కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు చెప్పండి, ఈమెకి వంకర నవ్వు పెట్టి వదిలేస్తే సరిపోతుందా?

మొదటి సంగతి ఇదే. ప్రత్యర్థికి హీరోతో సమానమైన బరువుండాలి. హీరోకి లేనిది ఏదో ఒకటి ఆమెకి ఉండాలి. బ్రహ్మనాయుడికి మనుషుల్ని కలిపే గుణం ఉంది. నాగమ్మకి ఎదుటివాడి తర్వాతి అడుగు ముందే చూసే చూపు ఉంది. ఒకళ్ళ బలం ఇంకొకళ్ళ లోటు. అందుకే వాళ్ళిద్దరూ ఎదురుపడితే సీను వేడెక్కుతుంది.

రెండో సంగతి కొంచెం కష్టం. కథని ఒకసారి గురజాల వైపు నుంచి చూడండి. మాచర్ల వైపు నుంచి చూస్తే బ్రహ్మనాయుడు అన్నదమ్ములకి న్యాయం చేసినవాడు. గురజాల వైపు నుంచి చూస్తే? తండ్రి ఇచ్చిన రాజ్యం రెండు ముక్కలైంది. నిన్నటిదాకా మన మంత్రిగా ఉన్న మనిషి అవతలి ముక్కతో వెళ్ళిపోయాడు. నలగాముడికి అన్నం పెట్టిన చెయ్యి, సలహా చెప్పిన నోరు ఇప్పుడు ఎదురుగా ఉన్నాయి. "ఈ రాజ్యం ఇంకా ముక్కలు కాకూడదు" అని గురజాల మంత్రి అనుకుంటే అది తప్పా? ఆ కుర్చీలో మీరుంటే ఏం చేసేవాళ్ళు?

ఆమె చేసినవన్నీ మంచివని నేను అనట్లేదు. కానీ ఆమెకి ఒక కారణం ఉంది. ఆ కారణం ఆమె దృష్టిలో న్యాయం. నరుటో చూసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. సాస్కే చెడ్డవాడు కాబట్టి నరుటోకి ఎదురు తిరగలేదు. వాడి వంశమంతా పోయింది, వాడికి పగ తీర్చుకోవాలి. నరుటోకి అందరూ తనని గుర్తించాలి. ఇద్దరి కోరికలూ నిజమైనవే కాబట్టి మనం ఇద్దరి కోసం ఏడుస్తాం.

మరి నాగమ్మ కోసం ఎవరూ ఎందుకు ఏడవలేదు? ఎందుకంటే కథ మన దాకా వచ్చిన దారి అలాంటిది. యుద్ధం అయిన రెండున్నర శతాబ్దాల తర్వాత శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రని ద్విపదలో రాశాడు. అంతకు ముందూ ఆ తర్వాతా పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు తరతరాలుగా దాన్ని నోటితో కాపాడారు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు శ్రీనాథుడి కావ్యాన్ని అచ్చులోకి తెచ్చారు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, గాయకుడు పాడుతుంటే రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. ఇవన్నీ ఎక్కువగా వీరుల వైపు నుంచి చెప్పిన కథలు. కారెంపూడిలో ఉన్నది వీరుల గుడి. పూజ అందుకునేది వీరుల ఆయుధాలు.

ఇంకో కారణం కూడా ఉంది. దీన్ని జనం ఆంధ్ర భారతం అన్నారు. రాజ్యంలో పాలు, పందెం, అరణ్యవాసం, రాయబారం, యుద్ధం. అన్నీ మహాభారతంలో లాగే ఉన్నాయి. ఆ అచ్చులో పోస్తే నాగమ్మకి మిగిలిన సీటు ఒక్కటే, శకుని సీటు. అయినా చూడండి, పాత్రలో సత్తా ఉంటే ఏ అచ్చులోనూ పూర్తిగా పట్టదు. 1947లో వచ్చిన పల్నాటి యుద్ధం సినిమాలో నాగమ్మ వేషం కన్నాంబ వేశారు. 1966లో మళ్ళీ తీసినప్పుడు ఎన్టీ రామారావు బ్రహ్మనాయుడైతే నాగమ్మ భానుమతి. అంత పెద్ద హీరోకి ఎదురు నిలబడాలంటే అంత పెద్ద నటి కావాల్సి వచ్చింది. ఉత్త విలన్‌కైతే అంత అవసరం లేదుగా!

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. కోడిపందెం.

రెండు వైపులా కత్తులు దూయలేదు. పుంజుల్ని దింపారు. షరతు ఏందంటే, ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళాలి. బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు. చివరికి గెలిచింది మాత్రం నాగమ్మ. మోసం చేసి గెలిచిందని కథ చెబుతుంది. సరే, మోసమే అనుకుందాం. కానీ దాని తర్వాత జరిగింది చూడండి. మాచర్ల వాళ్ళు మాట తప్పలేదు. సంసారాలు సర్దుకుని, పశువుల్ని తోలుకుని వలస వెళ్ళిపోయారు. ఏడేళ్ళు!

అంటే అప్పటిదాకా అది పోటీయే. కఠినమైన పోటీ, కానీ పోటీ. దానికో బరి ఉంది, షరతు ఉంది, ఓడినవాడు ఒప్పుకున్నాడు.

మరి ఎక్కడ తెగింది? ఏడేళ్ళు అయిపోయాక. వాళ్ళు తమ పాలు తమకి ఇమ్మన్నారు. గురజాల ఇవ్వనంది. రాయబారిగా అలరాజు వెళ్ళాడు. ఎవరనుకున్నారు అలరాజు? స్వయంగా నలగామరాజు అల్లుడు. ఆ అల్లుడికి విషం పెట్టి చంపారని, దాని వెనక నాగమ్మ ఉందని కథ. గురజాల ఆడపిల్ల, అలరాజు భార్య పేరిదేవి, భర్తతో పాటే పోయింది.

నాకు ఈ కథలో ముఖ్యమైన మలుపు ఇదే అనిపిస్తుంది. గెలిచినవాళ్ళు షరతు మరిచిపోయిన రోజున పోటీ చచ్చిపోయింది. అప్పుడు పుట్టింది పగ. పోటీకి నియమం ఉంటుంది, పగకి ఉండదు. నాగమ్మ ప్రత్యర్థిగా ఉన్నంతసేపూ బ్రహ్మనాయుడితో సమానంగా ఉంది. రాయబారి చనిపోయాక మనం ఆమె ముఖం చూడడం మానేశాం.

ఆ తర్వాత కారెంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, బొంగరాలాడుకునే వయసు దాటీ దాటకుండానే అక్కడ పోయాడు. రెండు వైపులా వీరులు నేల రాలారు. చివరికి బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగాముడికే వదిలేసి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. అంటే ఎవరి కోసం ఎవరు గెలిచినట్టు? ఈ యుద్ధంతో ఇక్కడి రాజ్యాలు బలహీనపడ్డాయనీ, కాకతీయులు తీరం వైపు రావడానికి దారి తేలికైందనీ చాలామంది చరిత్రకారులు అంటారు. ఇద్దరు కొట్టుకుంటే మూడోవాడు వచ్చాడు.

సరే, ఇప్పుడు మన కామిక్‌కి వద్దాం. ఆ అమ్మాయికి నేను చెప్పినవి ఇవే, మీకూ పనికొస్తాయి.

మీ ప్రత్యర్థికి ఒక పూర్తి పేజీ ఇవ్వండి. అందులో హీరో కనపడకూడదు. వాడు పొద్దున్నే ఎందుకు లేస్తాడు, ఇంట్లో ఎవరికి భయపడతాడు, గెలిస్తే ఎవరికి ముందు చెబుతాడు, అది గీయండి. హీరో కంటే వాడు బాగా చేసే పని ఒకటి ఉండాలి. మధ్యలో ఒకసారి వాడు నిజంగా గెలవాలి, హీరో నిజంగా నష్టపోవాలి. చిట్టిమల్లు గెలిచి ఉంటే ఈ కథని ఎనిమిది వందల ఏళ్ళు ఎవరూ పాడేవాళ్ళు కాదు. అన్నిటికంటే ముఖ్యం, వాడు చచ్చినా చేయని పని ఏంటో ముందే రాసుకోండి. ఆ గీత దాటనంతసేపూ వాడు ప్రత్యర్థి. ఎప్పుడు దాటించాలో, అసలు దాటించాలో వద్దో మీ చేతిలో ఉంది.

ఇంకోటి. క్లాసులో ఉన్న మనిషి మొహం తీసుకోవద్దు. పల్నాటి పౌరుషం అని మనం కాలర్ ఎగరేస్తాం. కానీ 2024 మే ఎన్నికలప్పుడు నరసరావుపేట, మాచర్ల, గురజాలలో ఏం జరిగిందో, 144 సెక్షన్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఇక్కడి పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. అవతలివాణ్ణి ఎర్ర కళ్ళతో గీయడం పెద్దవాళ్ళు ఆల్రెడీ బాగా చేస్తున్నారు. ఆ పని కామిక్ కూడా చేయక్కర్లేదు.

కార్తీకంలో ఎప్పుడైనా కారెంపూడి వెళ్ళండి. వీరుల ఉత్సవం ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. కథ మొత్తం వీధుల్లో నడుస్తుంది. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది, అందరూ కలిసి తింటారు. మర్నాడు కోడిపోరు. ఆ వరుస గమనించండి. ముందు కలిసి తిన్నారు, తర్వాత పోటీకి దిగారు.

ఆ అమ్మాయి మొన్న కొత్త పేజీలు పంపింది. ప్రత్యర్థి మొహం మారింది. వాడికి ఒక అక్క ఉంది, అక్కే కబడ్డీ నేర్పింది. ఫైనల్ ఎవరు గెలవాలో ఇంకా తేల్చుకోలేదంట. ఆ ఎపిసోడ్ రాస్తున్నది మాత్రం ఇద్దరు కలిసి. రెండోవాడు ఎవరో తెలుసుగా, అన్నం తినడం మానేసిన ఆ అబ్బాయే. "వాడు మంచి ప్లాన్ చెప్పాడన్నా, హీరోని ఓడించడానికి" అని నవ్వుతున్న ఎమోజీ పెట్టింది.

మీ కామిక్‌లో ప్రత్యర్థి ఎవరు? వాడు ఏ గీత దాటడు? కామెంట్స్‌లో రాయండి, చదువుతాను. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.