నేల చెప్పిన సాక్ష్యం: నార్ఫోక్ బ్రాడ్స్ పుట్టుక

చరిత్రకు ఆధారాలేవని అడిగితే శాసనాలు, కైఫీయతులు, నాణేలు అని మన విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. కాళ్ళ కింది నేల కూడా ఒక ఆధారమేనని చెప్పేవారు తక్కువ. తరతరాలు చెమటోడ్చి చేసిన పనిని ప్రకృతి ఖాతాలో వేసి, ఆ తరువాత దాన్ని దిద్దుకున్న ఒక ఉదంతాన్ని ఇక్కడ పరిశీలించదలచాము.

ఇంగ్లండు తూర్పు భాగంలో నార్ఫోక్, సఫోక్ అనే రెండు కౌంటీలున్నాయి. బ్యూర్, యేర్, వేవ్నీ, ఆంట్, థర్న్ నదులు అక్కడి పల్లపు నేలల గుండా మెల్లగా పారి సముద్రాన్ని చేరతాయి. ఆ నదుల పక్కన రెల్లు పెరిగే చిత్తడి నేలలు, వాటి నడుమ లోతు తక్కువైన సరస్సులు నలభైకి పైగా ఉన్నాయి. స్థానికులు వీటిని 'బ్రాడ్స్' అంటారు. పూర్వం సముద్రం లోపలికి చొచ్చుకువచ్చి, తిరిగి వెనక్కు తగ్గినప్పుడు మిగిలిపోయిన నీరే ఈ సరస్సులని చాలాకాలం నమ్మారు. భూస్వరూప శాస్త్రజ్ఞుడు జె. ఎన్. జెన్నింగ్స్ 1952లో ప్రచురించిన గ్రంథంలోనూ ఇవి సహజంగా ఏర్పడినవనే నిర్ణయించాడు.

ఇక్కడ పీట్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. నీరు నిలిచిన చోట చచ్చిన మొక్కలు గాలి తగలక పూర్తిగా కుళ్ళవు. అవి వేల ఏళ్ళు పొరలు పొరలుగా పేరుకొని నల్లని మెత్తని పదార్థంగా మారతాయి. దాన్ని ఇటుకల ఆకారంలో కోసి ఎండబెడితే పొయ్యిలో బాగా మండుతుంది. మన పల్లెల్లో పిడకలు ఎలాగో, కట్టెలు కరువైన ఆ సీమలో పీట్ అలాగన్నమాట.

జెన్నింగ్స్ గ్రంథం వెలువడిన కాలంలోనే జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు అక్కడి నేల పొరలను పరిశీలిస్తున్నది. ఆమె చేసిన పని చూడటానికి చిన్నది. నేలలోకి గొట్టం దించి మట్టిని పైకి తీసే చోట్లను మునుపటికంటే బాగా దగ్గర దగ్గరగా ఎంచుకున్నది. దూరదూరంగా తీసిన మట్టిలో కనిపించని సంగతి దానితో బయటపడింది. సహజమైన సరస్సు ఒడ్డు మెల్లగా వాలుతూ లోతుకు దిగాలి. ఈ సరస్సుల అంచులు గోడల్లా నిటారుగా దిగుతున్నాయి. అడుగుభాగం చదునుగా ఉంది. నడుమ కోయకుండా వదిలిన పీట్ గట్లు సన్నగా, వరుసగా నిలిచి ఉన్నాయి. కొన్ని సరస్సుల్లో బారులు తీరి కనిపించే చిన్న లంకలు ఆ గట్ల పైభాగాలే. ఇటువంటి గట్లను నది వదలదు. పొలం పంచుకున్న మనిషే వదులుతాడు.

అయినా నేల ఒక్కటే చెబితే చాలదు. భౌగోళికుడు సి. టి. స్మిత్ మధ్యయుగపు మఠాల లెక్కల పుస్తకాలను, భూమి పత్రాలను వెదికాడు. పీట్ కోసుకొనే హక్కులు, అమ్మకాలు వాటిలో పదేపదే కనిపించాయి. నారిచ్ కెథెడ్రల్ మఠం వంటశాలలోనే 14వ శతాబ్దంలో ఏడాదికి దాదాపు 4 లక్షల పీట్ ఇటుకలు కాలేవి. 1086 నాటి డూమ్స్‌డే సర్వే ప్రకారం నార్ఫోక్ అప్పటికే జనసమ్మర్దమైన ప్రాంతం. అడవి తక్కువ, పొయ్యిలు ఎక్కువ.

1287 డిసెంబరులో సముద్రం ఉప్పొంగి ఆ తీరాన్ని ముంచెత్తింది. హిక్లింగ్ గ్రామంలోనే 180 మంది మరణించారని ఆ ప్రాంతపు సన్యాసి ఒకడు రాసి ఉంచాడు. తరువాతి శతాబ్దంలో సముద్రమట్టం పెరగడంతో గోతుల్లోకి నీరు చేరి, తవ్వడం నానాటికీ కష్టమైంది. కొంతకాలం నీటి అడుగునుంచే పీట్ దేవుకున్నారు. క్రమంగా పత్రాల్లో పీట్ హక్కుల మాట తగ్గి చేపల వేట మాట పెరిగింది. గోతులు సరస్సులయ్యాయి. కొన్ని తరాలు గడిచేసరికి, వాటిని తవ్వినది తమ పూర్వులేనన్న సంగతి ఆ ఊళ్ళవారికే గుర్తు లేకపోయింది.

తవ్వి తీసినది సుమారు 90 కోట్ల ఘనపుటడుగులని అంచనా. పలుగూ పారా పట్టిన మనుషులకు ఇంత పని సాధ్యమా అని శంకించేవారికి లెక్కే సమాధానం. మూడు వందల ఏళ్ళ పనిగా పంచి చూస్తే ఏడాదికి 30 లక్షల ఘనపుటడుగులు. పదుల గ్రామాలకు అది మోయలేని పని కాదు.

ఈ ఫలితాలన్నీ 1960లో ఒకే గ్రంథంగా వచ్చాయి. దాని రచయితలలో లాంబర్ట్, స్మిత్‌లతోపాటు జెన్నింగ్స్ కూడా ఉండటం మనం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. ఎనిమిదేళ్ళ క్రితం తాను అచ్చువేసిన నిర్ణయం తప్పని రుజువు చేసే గ్రంథంలో తన పేరు చేర్చుకోవడానికి ఆయన వెనుకాడలేదు. పరిశోధన చేయబోయే విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం ఉండదని మా అభిప్రాయం.

ఈ కథ మనకెందుకని అడగవచ్చు. కర్ణాటకలో, తమిళనాడులో తరతరాలుగా చెరువులు, బావులు తవ్విన వడ్డెరలలో అనేకులు ఇంట్లో తెలుగు మాట్లాడేవారే. కట్టించినవారి పేర్లు శాసనాల్లో ఉంటాయి. తవ్వినవారి పేర్లు సాధారణంగా ఉండవు. అంతమాత్రాన వారి చరిత్ర లేదనుకోరాదు. చెరువు కట్టలో, పూడిపోయిన కాలువలో, ఊరివారు ఇప్పటికీ పలికే పొలాల పేర్లలో అది ఉండవచ్చు. సెలవులకు మీ ఊరు వెళ్ళినప్పుడు చెరువు గట్టున కాసేపు నిలబడి చూడండి. దాన్ని తవ్విందెవరని పెద్దలను అడిగి, వారు చెప్పింది చెప్పినట్లు రాసి ఉంచండి. చెప్పగలవారు ఉండగానే అడగాలి.