డీజిలు కారులో రబ్బరు గొట్టము: ఒక చారిత్రక పరిశీలనము

యంత్రచరిత్రలు వ్రాయువారు పిస్టను బలమును, ఇంజెక్షను పంపు సూక్ష్మతను వర్ణింతురే కాని, టాంకినుండి పంపునకు డీజిలును చేర్చు రబ్బరు గొట్టమును స్మరించుట అరుదు. పాత కారు ఉదయమున స్టార్టు కాక మొరాయించిననాడే అది యజమాని దృష్టికి వచ్చును. ఈ గొట్టము చరిత్ర వాస్తవమునకు దానిలో ప్రవహించు ఇంధనముయొక్క చరిత్రయే.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో కాచి దృఢపరచిన సహజరబ్బరు సకలోపయోగములకు అర్హమయ్యెనే కాని, ఖనిజతైలము తగిలిన ఉబ్బి మెత్తబడు స్వభావమును విడువలేదు. ఆ కొరత తీర్చిన నైట్రైలు రబ్బరును 1930లో జర్మను రసాయనజ్ఞులు కొన్రాడ్, చుంకుర్ రూపొందించిరి. 1927లో బాష్ సంస్థ డీజిలు పంపుల ఉత్పత్తి నారంభింపగా, 1936లో మెర్సిడెస్ 260డి డీజిలు కారు బెర్లినులో ప్రదర్శితమయ్యెను. పంపునుండి నాజిళ్లకు పోవు నాళము మాత్రము నాడును నేడును ఉక్కుదే; వందలాది అట్మాస్ఫియర్ల ఒత్తిడిని రబ్బరు తాళజాలదు. రబ్బరు గొట్టమునకు దక్కినవి రెండే తావులు: పంపు డీజిలును పీల్చుకొను మార్గము, నాజిళ్లవద్ద మిగిలినది మరలివచ్చు సన్నని మార్గము.

1976లో వెలువడిన మెర్సిడెస్ డబ్ల్యు123 డీజిలు కారులందు, ఈ మరలు మార్గమునకు 3.2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమును, పైన నూలు అల్లికయు గల గొట్టమును వాడిరి. అల్లిక బలమునిచ్చుచునే లోపమును దాచెను. లోని రబ్బరు నెఱ్ఱెలు వారి, డీజిలు చెమర్చి, నూలు తడిసి నల్లబడువరకు కంటికేమియు కానరాదు.

1993లో అమెరికాలో డీజిలునందలి గంధకమును 500 పి.పి.ఎం.కు తగ్గింపగా, పెక్కు పాత పంపులు రబ్బరు సీళ్లవద్ద కారనారంభించెను. దోషము గంధకము లేమిది కాదు. దానిని తొలగించు శుద్ధిక్రియలో ఆరోమాటిక్ హైడ్రోకార్బనులును తగ్గుటయే కారణము. అవి నైట్రైలులో ఇంకి దానిని కొంత ఉబ్బించి యుంచెడివి. ఏండ్లతరబడి బిరుసెక్కిన రబ్బరు ఆ ఆధారము పోగానే సంకోచించి పట్టు సడలెను. తరువాత వచ్చిన బయోడీజిలు అదే రబ్బరును మెత్తబరచసాగెను. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి డీజిలులో గంధకము 10 పి.పి.ఎం.కు మించరాదు. 1489 సి.సి. డీజిలు అంబాసిడరును నేటికిని కాపాడుకొనుచున్న మనవారికి ఈ చరిత్ర పరాయిది కాదు.

కావున పాత గొట్టమునకు సరిజోడు వెదకుట చాలదు. నేటి డీజిలునకు తగినది కోరవలెను. 1957లో డ్యూపాంట్ వెలువరించిన వైటాన్ వంటి ఫ్లోరోరబ్బరు పొర లోపల గలది శ్రేష్ఠము, ఎస్.ఏ.ఈ. జె30 ఆర్9 ముద్రగల గొట్టములు సాధారణముగ అట్టివి. వదులైనదానిని క్లిప్పుతో బిగించి సరిపెట్టుట తగదు. పాతదానిని మెలిపెట్టి లాగక, లోహపు మొనకు గీత పడకుండ నిలువున కోసి తీయవలెను; మొనపై పడిన చిన్న గీతయే గాలికి దారియగును. పీల్చు మార్గమున లోపమున్నచో డీజిలు బయటికి కారదు. గాలి లోపలికి చొరబడును. మెకానిక్కులు "ఎయిర్ పట్టింది" అనునది దీనినే. పంపునకు ముందు మూరెడు పారదర్శకపు గొట్టమును తాత్కాలికముగ అమర్చిన, సాగిపోవు బుడగలు ఆ రహస్యమును కన్నుల గట్టించును. కొత్త గొట్టము బిగించిన పిదప, చేతి ప్రైమరును కొట్టుచు, బుడగలు పోయి డీజిలు ధార నిర్మలముగ వచ్చువరకు గాలిని వెడలింపవలెను. గొట్టము గాలి చొరకుండ బిగిసినదనుటకు ఆ ధారయే తొలి సాక్ష్యము.