ముదిమి ప్రేమ, డాన్సు హాలు: ఖరగ్‌పూర్‌కు రావలసిన సినిమా

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లకు ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువాళ్లు పని వెతుక్కుంటూ అక్కడికి చేరారు. డ్రైవర్లుగా, గార్డులుగా ఆంగ్లో ఇండియన్లు స్థిరపడ్డారు. ఇలాంటి రైల్వే ఊళ్లలో ఆంగ్లో ఇండియన్లకు రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బే వినోదకేంద్రం. పండగ రాత్రుల్లో బ్యాండు మోగితే పడుచువాళ్లే కాదు, వాళ్ల తల్లిదండ్రులూ జంటలుగా వాల్ట్జ్ ఆడేవారు. 1947 తర్వాత ఎన్నో కుటుంబాలు ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు తరలిపోయాయి.

సినిమా మాత్రం ఆ జీవితంలో పడుచు ప్రేమనే ఎక్కువగా చూసింది. 1956 నాటి ‘భవానీ జంక్షన్’లోనూ, ఇంజన్ డ్రైవరు కూతురి కథ చెప్పిన 1975 నాటి హిందీ ‘జూలీ’లోనూ కథానాయికలు యువతులే.

అదే 1975లో అమెరికా టెలివిజన్ మాత్రం పడుచుదనం దాటినవాళ్ల ప్రేమను ఎంచుకుని ‘క్వీన్ ఆఫ్ ది స్టార్‌డస్ట్ బాల్‌రూమ్’ అనే చిత్రాన్ని ప్రసారం చేసింది. భర్త పోయిన నడివయసు స్త్రీ డాన్సు హాలులో ఒక పోస్ట్‌మన్‌ని ప్రేమిస్తుంది. మోరీన్ స్టేపుల్టన్, చార్లెస్ డర్నింగ్ నటించారు. 1978లో ఈ కథే ‘బాల్‌రూమ్’ పేరుతో బ్రాడ్వే సంగీత నాటకమైంది. బొంబాయిలో పుట్టిన ఇస్మాయిల్ మర్చంట్ నిర్మించగా జేమ్స్ ఐవరీ తీసిన ‘రోజ్‌లాండ్’ 1977లో వచ్చింది. న్యూయార్కులోని రోజ్‌లాండ్ డాన్సు హాలులో నాట్యం చేస్తున్న ఒక వితంతువుకు అద్దాల్లో తన పడుచుదనం, పోయిన భర్త కనిపిస్తారు.

ఈ చిత్రాల బలం ఒకటే. వయసు మళ్లినవాళ్లు తోడు కోరుకుంటే లోకం నొసలు చిట్లిస్తుంది. డాన్సు హాలులో మాత్రం చెయ్యి చాపడం మర్యాద, అందుకోవడం గౌరవం. అందుకే అక్కడ ముదిమి ప్రేమ సిగ్గుపడకుండా మాట్లాడగలిగింది.

మన దేశంలో అపర్ణా సేన్ ‘36 చౌరంగీ లేన్’ (1981) కలకత్తాలోని ఒక ఆంగ్లో ఇండియన్ ఉపాధ్యాయురాలి వృద్ధాప్య ఏకాంతాన్ని చూపింది. తెలుగులో శ్రీరమణ కథను తనికెళ్ల భరణి ‘మిథునం’ (2012)గా మలచి, వృద్ధ దంపతుల ప్రేమకు పెద్దపీట వేశారు. కానీ అది పెరటి తోటలో, వంటింట్లో పండిన దాంపత్యం. భాగస్వామి పోయాక కొత్తగా చిగురించే మమత మన తెరకు ఇంకా అరుదే.

ఆ కథకు ఖరగ్‌పూర్ తగిన చోటు. తెలుగు, బెంగాలీ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒకే రైల్వే ఊళ్లో ముసలివయసుకు చేరాయి. ఇన్‌స్టిట్యూట్ రాత్రులు ఎరిగిన తరం తరిగిపోతోంది. మన రచయితలూ దర్శకులూ ఆలస్యం చేయకుండా అక్కడి పెద్దల జ్ఞాపకాలను సేకరించాలి, ఆ కథను తెరకెక్కించాలి.