క్రైస్తవుడును, కులమును, చట్టమును

ఆధునిక సమాజమున క్రైస్తవులకు అన్యాయము జరుగుచున్నదా యను ప్రశ్న నేడు పలు దేశములలో వినబడుచున్నది. ఇట్టి ప్రశ్నకు ఔనని గాని కాదని గాని ఒక్క మాటలో ప్రత్యుత్తరము చెప్పుట సులభము. కాని అట్టి ప్రత్యుత్తరము వలన ప్రయోజనము స్వల్పము. ఏ క్రైస్తవులకు? ఎవరి వలన? ఏ రూపమున? ఈ మూడు సంగతులు తేలినగాని చర్చకు పునాది యేర్పడదు. కావున ఈ ప్రసంగమున లోకములోని క్రైస్తవులందరి మాట యెత్తక, మన తెలుగునాట పల్లెపల్లెకును పరిచితమైన యొక్క విషయమును మాత్రము శ్రోతల యెదుట నుంచెదను. అది దళిత క్రైస్తవుల విషయము.

మొదట ఒప్పుకొనవలసిన దొకటి కలదు. మన రాజ్యాంగములోని 25వ అధికరణము ప్రతి మనుష్యునకును తన మతము నవలంబించుటకును, ఆచరించుటకును, ప్రచారము చేయుటకును స్వేచ్ఛ నొసగినది. 30వ అధికరణము మైనారిటీలకు విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. క్రైస్తవుల పాఠశాలలు, వైద్యశాలలు దేశమంతటను గౌరవముతో నడచుచున్నవి. 2008లో ఒరిస్సా రాష్ట్రపు కంధమాల్ జిల్లాలో జరిగినట్టి ఘోరములు లేవని కాదు. కాని అవి నేరములు. చట్టము వానిని నేరములనియే పేర్కొనుచున్నది. నేను చెప్పబోవునది చట్టమే స్వయముగా కల్పించిన యొక భేదమును గూర్చి. దాని చరిత్ర తెలియనిదే దాని న్యాయాన్యాయములు తెలియవు.

తెలుగుదేశమున క్రైస్తవ మతము పలు త్రోవల వచ్చినది. కతోలిక గురువుల బోధ వలన కొందరు రెడ్లు, కమ్మవారు 18వ శతాబ్దముననే ఆ మతమున చేరిరి. కాని వేలకు వేలుగా జనము చేరినది 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున. చేరినవారు ముఖ్యముగా మాలలు, మాదిగలు. 1866లో అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరెను. ఆయన మొదట అగ్రవర్ణముల బాలురకు చదువు చెప్పించెను. మాదిగలు సంఘమున చేరనారంభించినంతనే ఆ బాలురు పాఠశాల విడిచిరి. ఇరువురిలో నొకరిని ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు క్లౌ దొర మాదిగల పక్షమున నిలిచెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును గొప్ప కరవు పీడించెను. బకింగుహాము కాలువ త్రవ్వకములో నొక భాగమును క్లౌ దొర కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కూటికొరకు మతము మారిరను నింద రాకుండుటకై కరవు పనులు సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. కరవు తీరిన పిదప, 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గంజికొరకు మారిన జనమని తేలికగా పలుకువారు ఈ క్రమమును గమనింపవలెను.

ఆ జనులకు కొత్త మతము వలన ఏమి లభించినది? అక్షరము లభించినది. రోగమున మందు లభించినది. తమకంటె పై కులమువాడు కాకున్నను దేవుని యెదుట తలయెత్తి నిలువవచ్చునను ధైర్యము లభించినది. మరి యేమి లభింపలేదు? ఊరి బావి లభింపలేదు. ఊరిలో ఇల్లు లభింపలేదు. పల్లె ఎక్కడ నుండెనో అక్కడనే యుండెను. దాని నడుమ ప్రార్థనాలయము మాత్రము వెలసెను. చేయు కూలి మారలేదు. కూలి యిచ్చు కామందును మారలేదు. రైతు తన పాలేరును పిలుచునప్పుడు వాని కొత్త పేరును కాక, పాత కులమునే తలచెను.

ఇందుకు గుఱ్ఱం జాషువాగారి జీవితమే చాలును. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన ఆ మహాకవికి అస్పృశ్యతా బాధ చిన్ననాటి నుండియు తప్పలేదు. 1941లో వెలువడిన "గబ్బిలము" కావ్యమున గుడి ప్రవేశము లేని యొక పేదవాడు తన మొరను కాశీవిశ్వేశ్వరునకు గబ్బిలముతో పంపును. ఆ కావ్యము వ్రాయుటకు వలసిన అనుభవము కవికి తల్లిదండ్రుల మతమువలన తొలగిపోలేదను సంగతి మనము మరువరాదు.

ఇక చట్టము మాట. 1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టము ననుసరించి 1936లో షెడ్యూల్డు కులముల ఉత్తరువు వెలువడెను. భారతీయ క్రైస్తవుడెవడును షెడ్యూల్డు కులస్థుడుగా పరిగణింపబడడని అందు విధించిరి. ఆనాడు దానికొక కారణము కలదు. ఆ చట్టము క్రింద భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక స్థానములును, ప్రత్యేక నియోజకవర్గములును ఉండెను. ఒక్కడే రెండు పట్టికలలో చేరరాదనుట లెక్కకు సంబంధించిన న్యాయము.

స్వరాజ్యము వచ్చినది. రాజ్యాంగ సభలో అల్పసంఖ్యాకుల విషయమును విచారించిన ఉపసంఘమునకు అధ్యక్షుడు బెంగాలీ క్రైస్తవుడైన హెచ్. సి. ముఖర్జీగారు. మతమును బట్టి స్థానములు వలదని ఆయనయు, మదరాసునుండి వచ్చిన జెరోమ్ డిసౌజా గురువును అంగీకరించిరి. 1949 మే నెలలో సభ మతపరమైన స్థానములను రద్దుచేసెను. దేశైక్యముకొరకు క్రైస్తవ నాయకులు తమంత తాము విడిచిన హక్కది. 1936 నాటి నిషేధమునకు ఆధారమైన కారణము దానితో తొలగిపోయెను. కాని నిషేధము తొలగలేదు. 1950 ఆగస్టు 10వ తేదీన రాష్ట్రపతి వెలువరించిన షెడ్యూల్డు కులముల ఉత్తరువులో 3వ పేరా హిందూమతము కాక వేరొక మతము నవలంబించినవాడు షెడ్యూల్డు కులస్థుడు కాజాలడని చెప్పెను. పంజాబు ప్రాంతపు సిక్కులలో నాలుగు కులములకు మాత్రము అందే మినహాయింపు దొరకెను.

ఆ పేరా అటుపిమ్మట రెండుమార్లు సవరింపబడెను. 1956లో సిక్కులందరును, 1990లో బౌద్ధులును చేర్చబడిరి. ఈ రెండు సవరణములును న్యాయమైనవే. సిక్కు గురువులు కులమును నిరసించిరి, బుద్ధుడును నిరసించెను. అయినను ఆ మతములలో చేరిన దళితులకు కులబాధ తొలగలేదని పార్లమెంటు గుర్తించెను. మతసిద్ధాంతము వేరు, మనుష్యుని స్థితి వేరు అను సూత్రము అట్లు స్థిరపడెను. ఆ సూత్రము క్రైస్తవుని వద్దకును, ముసల్మాను వద్దకును వచ్చునప్పటికి ఆగిపోయెను.

న్యాయస్థానములు ఈ చిక్కును పలుమార్లు విచారించినవి. తల్లిదండ్రులు క్రైస్తవులైన పిదప జన్మించి, హిందూమతమున చేరిన యొక విద్యార్థికి గుంటూరు వైద్య కళాశాలలో సీటు విషయమై 1976లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కులమువారు అంగీకరించినచో అట్టివాడు ఆ కులమున చేరవచ్చునని దాని సారాంశము. 1984లో మరియొక వ్యాజ్యమున, మతము మారినవాని కులము గ్రహణము పట్టినట్లుండి, తిరిగివచ్చినప్పుడు గ్రహణము విడుచునని వివరించిరి. గ్రహణము పట్టిన సూర్యుడు ఆకాశమున లేడని ఎవరును అనరు. కులము లోపల నున్నదనియు, చట్టమునకు కనబడదనియు అర్థము కాదా?

1985లో సూసై వ్యాజ్యము వచ్చెను. మదరాసులో వీథి ప్రక్కన చెప్పులు కుట్టుకొను ఆదిద్రావిడ క్రైస్తవుడాయన. చర్మకారులకు ప్రభుత్వము ఉచితముగా నిచ్చు చిన్న కొట్టు తనకు మతమును బట్టి నిరాకరింపబడెనని మొరపెట్టుకొనెను. కులము మిగిలియున్నదని చూపినంత మాత్రమున చాలదు, కొత్త మతమునందును ఆ బాధ అంతటి తీవ్రతతోనే కలదని నిరూపింపవలెనని న్యాయస్థానము తలచెను. అట్టి నిరూపణ చాలలేదని వ్యాజ్యమును కొట్టివేసిరి. వీథి ప్రక్కన కూర్చుండి ఎండలో చెప్పు కుట్టువాని యవసరము అతని ప్రార్థనను బట్టి మారునా యను ప్రశ్న అట్లే నిలిచెను.

ఎదుటిపక్షపు వాదములను తేలికగా త్రోసివేయరాదు. క్రైస్తవ మతమున కులము లేదని మీరే బోధించుచు, కులముపేర రక్షణ యెట్లు కోరుదురని వారందురు. క్రైస్తవ దళితులు కొందరు మిషను పాఠశాలల వలన ముందంజ వేసిరనియు, వారు చేరినచో నిరుపేదలైన హిందూ దళితుల భాగము తరుగుననియు భయపడుదురు. విశ్వాసము లేకయే రిజర్వేషను కొరకు మతము పేరు మార్చుకొనుట రాజ్యాంగమునకు ద్రోహమని 2024 నవంబరులో సుప్రీముకోర్టు పలికెను. అదియు ఆలోచింపదగినదే. భాగము తరుగునను భయమునకు భాగమును పెంచుటయో, ప్రత్యేకముగా నొక భాగము నేర్పరచుటయో సమాధానము కావచ్చును; అది అంకెల సమస్య. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1970లో వెనుకబడిన తరగతుల పట్టికలో సి-వర్గముగా దళిత క్రైస్తవులకు నూటికి 1 పాలు నిర్ణయించిరి. షెడ్యూల్డు కులములకు నూటికి 15 పాళ్లు. 1977లో రాష్ట్ర ప్రభుత్వము శాసనముతో సంబంధము లేని కొన్ని సదుపాయములను వీరికిని వర్తింపజేసెను. అనగా వీరి స్థితి వేరు కాదని రాష్ట్రము సగము ఒప్పుకొన్నది.

క్రైస్తవ సంఘముల దోషమును దాచుట ధర్మము కాదు. తమిళదేశమున వడక్కన్ కుళమ్ అను ఊరిలో 19వ శతాబ్దమున కులములు వేర్వేరుగా కూర్చుండుటకు రెండు భుజములుగా దేవాలయమును కట్టిరి. వేర్వేరు శ్మశానములు, వేర్వేరు వరుసలు పలుచోట్ల నిలిచినవి. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సభ దళితుల విషయమై యొక విధానపత్రమును ప్రకటించి, సంఘములోని యీ భేదమును బహిరంగముగా నంగీకరించెను. కర్నూలు ప్రాంతమున జన్మించిన దళితుడు ఆంథోనీ పూలగారు 2022 ఆగస్టులో కార్డినలు పదవి నందుట గొప్ప సంగతి; కాని ఆ పదవికి దళితుడు మొట్టమొదటిసారి వచ్చుటకు అంతకాలము పట్టుటయు ఆలోచింపదగిన సంగతియే. క్రైస్తవ దళితుడు రెండు వాకిళ్ల యెదుట నిలిచినాడు. ఒకచోట కులము కలదని త్రోసిరి. మరియొకచోట కులము లేదని త్రోసిరి.

ఈ చట్టము వలన కలిగిన మరియొక హాని కలదు. నా తలపున అదియే అన్నిటికంటె పెద్దది. 1971 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ జనులలో నూటికి 4.19 మంది క్రైస్తవులు. 2001 నాటికి అది 1.55 అయ్యెను, 2011 నాటికి, రాష్ట్రము చీలకముందే, 1.34 అయ్యెను. ఈ నలువది యేండ్లలో మన పల్లెలయందు ప్రార్థనాలయములు తగ్గలేదు. ఆదివారపు పాటలు ఆగలేదు. మరి ఆ జనులేమైరి? వారు ఎక్కడికిని పోలేదు. ధ్రువపత్రమున హిందువులనియు, ఆరాధనలో క్రైస్తవులనియు రెండు జీవితములు గడపుచున్నారని పెక్కురు పరిశీలకుల యభిప్రాయము. బడిలో నొక పేరు, గుడిలో నొక పేరు గల బిడ్డలు మన యెరుకలో ఎందరు లేరు?

ఇట్టివారిని మోసగాండ్రని నిందించుట సులభము. కాని సత్యము చెప్పినవానికి నష్టమును, దాచినవానికి లాభమును కలిగించు చట్టమున్నప్పుడు, ఆ యసత్యములో చట్టమునకును పాలు కలదు. దేవుని పేరు బహిరంగముగా చెప్పినచో బిడ్డ చదువు పోవునని తల్లి భయపడవలసి వచ్చినప్పుడు, 25వ అధికరణము కాగితముమీద స్వేచ్ఛయే గాని ఆమె యింటిలో స్వేచ్ఛ కాదు.

నష్టము చదువుతోను, ఉద్యోగముతోను ముగియదు. దళితులపై దౌర్జన్యములను అరికట్టుటకు 1989లో చేసిన ప్రత్యేక చట్టము షెడ్యూల్డు కులములవారికిని, షెడ్యూల్డు తెగలవారికిని మాత్రమే వర్తించును. గుంటూరు జిల్లాకు చెందిన యొక పాస్టరు తన్ను కులముపేర దూషించి కొట్టిరని ఫిర్యాదు చేయగా, మతము మారినవానికి ఆ చట్టపు రక్షణ లేదని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆ కేసును కొట్టివేసెను. ఉత్తరువు ఉన్నంతవరకు న్యాయమూర్తి దాని ననుసరింపవలసినదే. మనము ఆలోచింపవలసినది ఉత్తరువును గూర్చి. కులముపేర తిట్టువాడు ఎదుటివాని బాప్తిస్మపత్రము చూచి తిట్టడు.

ఈ ఉత్తరువును మార్చవలెనని చెప్పినవారు లేకపోలేదు. న్యాయమూర్తి రంగనాథ మిశ్రా సంఘము 2007లో 3వ పేరాను తొలగింపుమని సిఫారసు చేసెను. సభ్యులలో ఒకరు మాత్రము అందుకు అసమ్మతి తెలిపిరి. సుప్రీముకోర్టులో 2004లో దాఖలైన వ్యాజ్యము ఇరువది యేండ్లు గడచువరకును తేలలేదు. మన శాసనసభ 2009లోను, తిరిగి 2023 మార్చిలోను దళిత క్రైస్తవులను చేర్చవలెనని తీర్మానించెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన మరియొక విచారణసంఘమును నియమించెను. సంఘములకు కొదువ లేదు, నిర్ణయమునకే కొదువ.

కావున మొదటి ప్రశ్నకు నా సమాధాన మిది. భారతదేశమున క్రైస్తవులందరును అన్యాయమునకు గురియగుచున్నారనుట అతిశయోక్తి. ఏ క్రైస్తవునకును అన్యాయము లేదనుట అసత్యము. దళిత క్రైస్తవునకు జరుగునది అన్యాయమే. అందులో రాజ్యమునకును, గ్రామమునకును, క్రైస్తవ సంఘమునకును మువ్వురకును పాలు కలదు. గ్రామము అతని పుట్టుకను మరువదు. సంఘము దానిని మరువనియ్యదు. చట్టము మాత్రము మరచినట్లు నటించును. పరిహారమునకు కొలత మనుష్యుని బాధ కావలెను గాని అతని ప్రార్థన కారాదు. బాధ తొలగినదని విచారణలో తేలిన హిందువునకైనను, క్రైస్తవునకైనను రక్షణ యక్కరలేదు. తొలగలేదని తేలినచో ఏ మతమువానికైనను ఆ రక్షణ నొసగవలెను. అట్టి విచారణ త్వరలో ముగిసి, తాను కొలుచు దేవుని పేరును ప్రతి పల్లెవాడును జంకులేక లెక్కల పుస్తకమున వ్రాయించుకొను దినము వచ్చినప్పుడే మన రాజ్యాంగపు వాగ్దానము నెరవేరినదని చెప్పవచ్చును.